పడుకోబెట్టిన జాలీ

ఆ ఫైలు తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. ఆ పదకొండు నిమిషాల్లో గాడ్విన్ మూడు జోకులు వేస్తాడు. నాలుగోది పడేలోపల ఫైలు తెరుచుకుంటే ఆ రోజు మంచి రోజు కింద లెక్క.

"ఇది ఎనిమిది జీబీ కాదమ్మా, ఎనిమిది జీవాలు," అన్నాడు నేత్రావతి కుర్చీ వెనక నిలబడి. "ఎనిమిదిసార్లు చచ్చి బతికితే గానీ దర్శనం ఇయ్యదు."

"పొద్దన్నుంచి ఏడుసార్లు చచ్చింది అన్నా," అంది నేత్రావతి, తెర మీద తిరుగుతున్న నీలం సున్నాని చూస్తూ.

"అయితే ఇంగొక్కసారి. మా ఇంట్లో ఏసు, మా ఆఫీసులో ర్యాము. ర్యాము కరుణ లేనిదే ఇక్కడ ఏ పనీ కాదు."

రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక బట్టల అంగడి పైన, మొదటి అంతస్తులో ఉంది వాళ్ళ ఆఫీసు. కంకర క్రషర్లకీ చిన్న ఫ్యాక్టరీలకీ కంప్యూటరు మీద యంత్రాలు గీసి, డ్రాయింగులు తీసి పంపడం వాళ్ళ పని. యజమాని నందీశ్. గీసేవాళ్ళు ముగ్గురు: ఇరవై రెండేళ్ళుగా మౌసు పట్టుకుని అరచేతిలో కాయ కాసిన గాడ్విన్, రాయల్పాడు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న నేత్రావతి, నందీశ్ బావమరిది శశికుమార్. కిటికీలు తెరవరు. తెరిస్తే బంగారు గనుల సైనైడు దిబ్బల మీది దుమ్ము లేచి వచ్చి కీబోర్డుల మీద తీరిగ్గా కూర్చుంటుంది. గనులు మూతపడ్డాయి గానీ దుమ్ముకి ఎవరూ ఆ కబురు చెప్పలేదు.

పోయిన నెల అరవై నాలుగు జీబీల కొత్త కంప్యూటరు ఒకటి వచ్చింది. నల్ల పెట్టె, లోపల ఎర్రదీపాలు. తిన్నగా శశికుమార్ బల్ల మీదికి పోయింది. గీసిన యంత్రాలకి రంగులు పూసి, వెనకాల ఆకాశమూ మబ్బులూ పెట్టి కస్టమర్లకి చూపించడం శశికుమార్ పని. పన్నెండు వేల పార్టుల క్రషర్ ప్లాంటు మాత్రం నేత్రావతి పాత కంప్యూటర్లోనే ఉండిపోయింది.

"బావ ఉన్నోడికే భావి!" అన్నాడు గాడ్విన్ ఆ రోజు, ఆఫీసంతా వినబడేటట్టు. అందరూ నవ్వారు. శశికుమార్ కూడా నవ్వాడు. నేత్రావతి నవ్విందో లేదో గాడ్విన్ చూడలేదు.

ఫైలు తెరుచుకుంది. నేత్రావతి వేళ్ళు కదిలాయి. పని లేకుండా తెరిచి ఉన్న డ్రాయింగులు నాలుగూ మూసేసింది. మోటారు కంపెనీ వాళ్ళు పంపిన మోటారు బొమ్మలో ఫ్యాను రెక్కలు, బేరింగు గుండ్లతో సహా ఉన్నాయి. దాన్ని తీసి, అవే కొలతల డొల్ల పెట్టెను ఆ చోట కూర్చోబెట్టింది. డ్రాయింగు షీటులో నీడలు పడే బొమ్మల్ని ఉత్త గీతలుగా మార్చింది. నాలుగు వేల బోల్టుల్ని ఒక్క దెబ్బకి పడుకోబెట్టింది.

పడుకోబెట్టడం వాళ్ళ ఆఫీసు మాట. ఒక పార్టును దాచొచ్చు, లేదా పడుకోబెట్టొచ్చు. దాస్తే తెర మీద కనబడదు గానీ మెమరీలో కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంటుంది. బరువు ఏమాత్రం తగ్గదు. పడుకోబెడితే కంప్యూటరు దాన్ని పూర్తిగా వదిలేస్తుంది. బరువు దిగుతుంది. డ్రాయింగులోంచీ పార్టుల పట్టీలోంచీ కూడా ఆ పార్టు పోతుంది. కాబట్టి పని ముగిశాక లేపాలి. లేపడం మరిస్తే ఆ పార్టు లేని యంత్రమే తయారై కూర్చుంటుంది.

అందుకని బోర్డు. గాడ్విన్ బల్ల పక్క గోడకి ఒక ప్లైవుడ్ పలక, దానికి వరసగా మేకులు. పాత ఇనుము అమ్మే గుజరీ అంగడిలో ఏరుకొచ్చిన పాత ఇత్తడి బిళ్ళలు ఒక డబ్బాలో. గనిలోకి దిగే ప్రతి మనిషి పేరనా పైన ఒక బిళ్ళ వేలాడేదని, మనిషి పైకొస్తేనే ఆ బిళ్ళ దిగేదని గాడ్విన్ తండ్రి చెప్పేవాడు. ఆ పద్ధతినే గాడ్విన్ ఇక్కడ పెట్టాడు. పార్టును పడుకోబెట్టినవాళ్ళు దాని పేరు రాసిన చీటీ అంటించి ఒక బిళ్ళ తగిలించాలి. లేపినప్పుడు తీసెయ్యాలి. రోజూ పడుకుని లేచే బోల్టులకి మాత్రం బిళ్ళ అక్కర్లేదు. బోర్డు ఖాళీగా ఉంటేనే గాడ్విన్ డ్రాయింగు మూల 'సరిచూసినది' అనే గడిలో తన పేరు వేస్తాడు. లోపల ఒక్క మనిషి ఉన్నా గని మూయరు కదా.

బోల్టులు పడుకున్నా తెర ఇంకా వణుకుతూనే ఉంది.

"అన్నా, ఈ టెయిల్ పుల్లీ జాలీ ఒక్కటే మొత్తం తినేస్తా ఉండాది," అంది నేత్రావతి. కంకర మోసే బెల్టు కింది చివర ఒక పెద్ద డ్రమ్ము చుట్టూ తిరిగి వెనక్కి మళ్ళుతుంది. మనుషుల చేతులు అందులోకి పోకుండా దాని చుట్టూ ఇనుప జాలీ ఉంటుంది. "రెండు వేల నాలుగు నూర్ల కన్నాలు. ఒక్కొక్కటీ విడిగా గీసి పెట్టినారు. ఒక పూట ఇస్తే సాదా రేకు గీసి, పైన జాలీ గీతలు అంటిస్తాను. రేకంత బరువే ఉంటాది."

గాజు క్యాబిన్‌లోంచి నందీశ్ తల బయటికొచ్చింది. "పూట యాడుండాదమ్మా? రేపు సాయంత్రం డ్రాయింగులు పోవాల. క్రషరువాళ్ళు పాత బెల్టు పీకేసి కాచుకోని ఉండారు. పడుకోబెట్టు, ముగిసినంక లేపు. బేగ!"

"ర్యాముకు జాలి లేదు, జాలీకి ర్యాము లేదు," అన్నాడు గాడ్విన్.

నేత్రావతి ఈసారి నవ్వింది. చీటీ మీద 'టెయిల్ పుల్లీ జాలీ' అని గుండ్రటి అక్షరాలతో రాసి, బిళ్ళకి అంటించి, లేచి వెళ్ళి మేకుకి తగిలించింది. తగిలించాక ఒకసారి వేలితో తట్టి చూసింది, పడిపోదు కదా అని.

మరునాడు బుధవారం. నాణ్యత సర్టిఫికేటు ఇచ్చే ఆడిటర్లు బెంగళూరు నుంచి వస్తున్నారు. పొద్దున్నే నందీశ్ చంకలో ఒక అద్దాల ఫ్రేముతో వచ్చాడు. అందులో శశికుమార్ రంగులు పూసిన క్రషర్. దాని వెనక ఇంత నీలి ఆకాశం కోలారు జిల్లా మొత్తం మీద ఎవరూ చూసి ఉండరు.

"గాడ్విన్ అన్నా, ఆ బోర్డు తీసేయ్. గుజరీ అంగడి మాదిరి ఉండాది. ఆడ ఇది తగిలిద్దాం."

"తీసేస్తాను సార్. ఆడిట్లంటే ఏంది? ఆడి తిట్లు, మన పాట్లు!"

బోర్డు దించడానికి గాడ్విన్ కుర్చీ ఎక్కాడు. పలకని ఛాతీకి ఆనించుకుని దిగుతుంటే ప్రింటరు దగ్గర్నుంచి నేత్రావతి చూసింది.

"అన్నా, దాని మీద నాదొకటి ఉండాది."

"నేను చూసుకుంటాలేమ్మా, నువ్వు పని చూసుకో."

బోర్డును బీరువా వెనక్కి తోశాడు. మేకుకున్న బిళ్ళని తీసి తన బల్ల సొరుగులో పడేశాడు. అది లోపల పంచింగు మిషనుకి తగిలి ఠంగుమంది.

ఆడిటర్లు మసాలా దోసెలు తిన్నారు, రిజిస్టర్లు తిరగేశారు, శశికుమార్ మబ్బుల్ని మెచ్చుకున్నారు. వాళ్ళు కారెక్కేసరికి నాలుగు దాటింది. నాలుగున్నరకి నేత్రావతి కంప్యూటరు బిగుసుకుపోయింది. ఆపి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ బిగుసుకుపోయింది. నుదుటి మీద చెమట చున్నీతో తుడుచుకుంటూ క్యాబిన్ వైపు చూసింది.

"గాడ్విన్ అన్నా, నీ సిస్టంలో తీసి పంపించేయ్," అన్నాడు నందీశ్. "ఆ సిస్టం కథ ముగిసిపోయింది."

గాడ్విన్ ఫైలు తన కంప్యూటర్లో తెరిచాడు. బోల్టుల్ని లేపాడు. డొల్ల పెట్టె తీసి మోటారుని వెనక్కి తెచ్చాడు. షీటు మీద కొలతలు ఒక్కొక్కటీ పెన్సిలు మొనతో తెర మీదే వెతికి చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అలవాటు కొద్దీ తల పక్కకి తిప్పి గోడ చూశాడు. గోడ మీద ఏ బిళ్ళా వేలాడడం లేదు. నీలాకాశం వేలాడుతోంది.

'సరిచూసినది' గడిలో తన పేరు వేసి, పంపేశాడు.

పదమూడు రోజుల తరువాత ఒక మంగళవారం పొద్దున, అందరూ కాఫీలు తాగుతుండగా, నందీశ్ ఫోను చెవికి పెట్టుకునే క్యాబిన్‌లోంచి బయటికొచ్చాడు. ఫోనులో అవతలివాడు అరుస్తున్నాడు. నందీశ్ అంతా విని, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ముళబాగిలు దారిలో క్రషర్," అన్నాడు. "నిన్న బెల్టు నడిపినారంట. టెయిల్ పుల్లీలో ఒక మనిషి చెయ్యి పోయింది."

"అయ్యో, యాడుండాడు సార్ ఆ మనిషి?" అన్నాడు గాడ్విన్.

"కోలారు ఆసుపత్రిలో."

"కోలారు కదా సార్, కోలుకుంటాడు."

అనాలని అనలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ నోరు అలా తిరిగింది. మాట చెవిన పడగానే దాని కవలని కనేస్తుంది. శశికుమార్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. నేత్రావతి తల వంచుకుంది.

"మోచేతి కాడికి తీసేసినారు," అన్నాడు నందీశ్. "పుల్లీకి జాలీ లేదంట. ఎందుకు పెట్టలేదంటే, డ్రాయింగులో లేదు, మేము చెయ్యలేదు అంటా ఉండారు డ్రాయింగు చూసి తయారు చేసిన షాపువాళ్ళు."

గాడ్విన్ తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. పంపిన డ్రాయింగు తెరిచాడు. పార్టుల పట్టీ పై నుంచి కింది దాకా దిగాడు, కింది నుంచి పైకి ఎక్కాడు. తరువాత బొమ్మని కుడి మూలకి జరిపి పెద్దది చేశాడు. డ్రమ్ము, ఇరుసు, రెండు బేరింగులు. వాటి చుట్టూ ఏమీ లేదు. అంత శుభ్రంగా, అంత సరైన కొలతలతో ఏమీ లేదు.

సొరుగు కొంచెం లాగాడు. బిళ్ళ పంచింగు మిషను పక్కనే ఉంది. చీటీ మీద గుండ్రటి అక్షరాలు. సొరుగు మూసేశాడు.

నందీశ్ నేత్రావతిని క్యాబిన్‌లోకి పిలిచాడు. గాజు తలుపు మూసుకుంది. లోపలి మాటలు వినబడలేదు. నందీశ్ చేతులు ఊపుతూ ఏదో వివరిస్తున్నాడు. కంప్యూటరు తెరని ఆమె వైపు తిప్పి వేలితో ఏదో చూపిస్తున్నాడు. నేత్రావతి అడ్డంగా తల ఆడించింది. మళ్ళీ ఏదో చెప్పాడు. మళ్ళీ ఆడించింది. గాడ్విన్ ఒక పుల్ల తీసుకుని కీబోర్డు మీటల సందుల్లో దుమ్ము తీస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు నా పేరు చెబుతుంది, అనుకున్నాడు. ఇప్పుడు తలుపు తెరిచి సార్ నన్ను పిలుస్తాడు. పిలిస్తే చెప్పేస్తాను. పిలవనీ.

ఇరవై నిమిషాలకి తలుపు తెరుచుకుంది. నేత్రావతి ఒక్కతే వచ్చింది. కంప్యూటరు ఆపి, టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది.

"నన్ను ఇంగ రావద్దన్నారు అన్నా," అంది, గాడ్విన్ బల్ల ముందు ఆగి.

గాడ్విన్ నోరు తెరిచాడు. అక్కడ సిద్ధంగా ఉన్నది జోకు ఒక్కటే. నోరు మూసుకున్నాడు. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. తరువాత మెట్లు దిగి పోయింది. చెప్పులు ఒక్కో మెట్టు మీదా టపటపమంటుంటే పద్దెనిమిది మెట్లూ లెక్కపెట్టాడు గాడ్విన్. అవి పద్దెనిమిదని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం ఇంట్లో కంచం ముందు మాట్లాడకుండా కూర్చుంటే భార్య ప్రిన్సీ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జొరం లేదే! ఏంది, నోటికి బీగం వేసినావా? అన్నం పెడితే ఒక మాట, చారు పోస్తే ఒక మాట అంటావు కదా."

"ఏమీ లేదు."

"పక్కింటి స్టెల్లా కూడా అడిగింది, మీ ఇంట్లో రేడియో పాడైందా అని."

గాడ్విన్ చారు కలుపుకున్నాడు. రేపు చెబుతాను అనుకున్నాడు. రేపు పొద్దున పోగానే, కుర్చీలో కూడా కూర్చోకుండా.

పోగానే నందీశే ఎదురొచ్చాడు. భుజం మీద చెయ్యి వేసి శశికుమార్ బల్ల దగ్గరికి నడిపించాడు. "శశీ, లేచి అన్నకి కుర్చీ ఇయ్యి. అన్నా, ఈ రోజు నువ్వు ఇందులో చెయ్. నిదానంగా చెయ్. ఆ జాలీని లేపి డ్రాయింగు మళ్ళీ తీసేయ్."

"సార్, ఆ విషయమే నేను..."

"నాకు తెలుసన్నా. నువ్వు లేకుంటే ఆ ఫైలు తెరిచే మొగోడు ఈ ఊర్లో లేడు. ఆ మాటలన్నీ వద్దిప్పుడు." భుజం మీది చెయ్యి మెల్లగా నొక్కింది. "నంబరు అదే ఉండనీ. తేదీ కూడా పాతదే. కొత్త తేదీ వేస్తే కస్టమరు ఊరికే కన్ఫ్యూజ్ అవతాడు."

"పాత తేదీ ఎందుకు సార్?"

"ఫైల్లో అంతా కరెక్టుగా ఉండాల కదన్నా."

ఎవరికి కరెక్టుగా, అని గాడ్విన్ అడగలేదు.

ఆ నల్ల పెట్టెలో ఫైలు నలభై సెకన్లలో తెరుచుకుంది. ఒక జోకుకి కూడా చోటు లేదు. గాడ్విన్ తెర పక్కన పార్టుల పేర్లు కొమ్మలుగా వేలాడే చెట్టులోకి దిగి, బూడిదరంగులో నిద్రపోతున్న జాలీని పట్టుకుని లేపాడు. రెండు వేల నాలుగు వందల కన్నాలు ఒక్కసారిగా తెర మీదికి వచ్చి డ్రమ్ము చుట్టూ కూర్చున్నాయి. తెర వణకలేదు. ఫ్యాను గొంతు కూడా పెంచలేదు. ఎర్రదీపాలు అలాగే వెలుగుతున్నాయి.

"చూసినావా అన్నా, ఎంత స్పీడో!" అన్నాడు శశికుమార్ వెనక నుంచి.

పార్టుల పట్టీలో కొత్త వరస ఒకటి తనంతట తానే చేరింది. తేదీ గడిలో ఆ రోజు తేదీ తనంతట తానే పడింది. గాడ్విన్ దాని మీద నొక్కాడు. ఒక్కో అంకె చెరిపి, పదునాలుగు రోజుల కిందటి తేదీ కొట్టాడు. పక్క గడిలో తన పేరు అప్పటికే ఉంది.

పంపాక డ్రాయింగుని మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. డ్రమ్ము చుట్టూ జాలీ ఉంది. ఎటు తిప్పి చూసినా ఉంది. గుండెల మీదినుంచి ఒక బండ జరిగినట్టయింది. ఆ మధ్యాహ్నం ఆకలి వేసింది. ప్రిన్సీ పెట్టిన నిమ్మకాయ అన్నమంతా తిని, శశికుమార్ డబ్బాలోంచి ఒక వడ కూడా తీసుకున్నాడు. సొరుగులోని బిళ్ళని డబ్బాలో మిగతా బిళ్ళలతో కలిపేశాడు.

తరువాతి సోమవారం నేత్రావతి ఆఫీసుకి వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడి, తన డిప్లొమా సర్టిఫికేట్ల కవరు అడిగి తీసుకుంది. శశికుమార్ ఇచ్చాడు. గాడ్విన్ లేచేసరికి మెట్లు దిగేసింది.

చెప్పాలి అనుకున్నాడు గాడ్విన్. జాలీ ఎలాగూ లేచింది, ఆ అమ్మాయికి మాత్రం చెప్పాలి. బిళ్ళ సంగతి చెప్పి, సార్ దగ్గరికి తీసుకొచ్చి, మళ్ళీ పనిలో పెట్టించాలి. ఆయన కూడా రెండు రెండు మెట్లు దాటుకుంటూ దిగాడు.

బస్‌స్టాండులో రాయల్పాడు వైపు పోయే శ్రీనివాసపురం బస్సు నిలబడి ఉంది. నేత్రావతి సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఒక సూటుకేసు, ఒక ప్లాస్టిక్ బకెట్టు. బకెట్టులో దిండు, హ్యాంగర్లు, హాస్టలు గోడకి ఉండే చిన్న అద్దం.

"హాస్టల్ ఖాళీ చేసినావా అమ్మా?"

"చేసినాను అన్నా. కూర్చోండి."

గాడ్విన్ కూర్చోలేదు. "అమ్మా, ఆ బిళ్ళ నా సొరుగులో ఉండింది. నేను చూసుకుంటానని చెప్పి మరిచిపోయినాను. తప్పు నాది. నువ్వు నా పేరు చెప్పకుండా నన్ను కాపాడినావు. పద, ఇద్దరం పోయి సార్‌కు చెప్తాము."

"సార్‌కు తెలుసు అన్నా. మంగళవారమే నేను చెప్పినాను, మీ పేరుతోనే."

బస్సు ఇంజను ఆన్ చేశాడు డ్రైవరు. గాడ్విన్ ఆ చప్పుడులో సరిగ్గా వినలేదేమో అన్నట్టు కొంచెం వంగాడు.

"చెప్పినావా? మరి నిన్నెందుకు తీసేసినాడు?"

"జాలీని లేపి పాత తేదీ వెయ్యమన్నాడు. నేను వెయ్యనన్నాను. అందుకు."

గాడ్విన్ బల్ల మీద, బకెట్టు పక్కన కూర్చున్నాడు.

"నిన్న కోలారు పోయినాను, ఆసుపత్రికి," అంది నేత్రావతి. "క్రషర్ సూపర్‌వైజరు వచ్చి ఉండాడు. చెయ్యి పోయినాయన పెండ్లానికి డ్రాయింగు చూపిస్తా ఉండాడు. 'చూడమ్మా, ఇదిగో జాలీ. డ్రాయింగులో ఉండాది, మేము పెట్టినాము. మీ మొగుడే ఊడబెరికి చెయ్యి పెట్టినాడు' అని. ఆమెకు చదువు రాదన్నా. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. 'అవునే, ఉండాది కదా' అనింది. మొగుని తట్టు తిరిగి, 'ఏల పీకితివి?' అని అడిగింది. ఆయన నేను పీకలేదే అని ఏడుస్తా ఉండాడు. ఆమె నమ్మలా. కాగితంలో ఉండాది కదా మరి."

గాడ్విన్ తన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"కింద మూల మీ పేరు చూసినాను," అంది.

"దానికని నాకు తెలీదమ్మా."

"అడిగినారా అన్నా?"

గాడ్విన్ బకెట్టులోని అద్దాన్ని బోర్లా తిప్పి పెట్టాడు.

"బిళ్ళ మరిచిపోయినారు. నేనూ ఇంగోసారి గుర్తు చేసి ఉండాల, చెయ్యలేదు. దానికి మీ మీద నాకు కోపం లేదు," అంది నేత్రావతి. "తేదీ మాత్రం మరిచిపోయి కొట్టినారా?"

కండక్టరు వచ్చి బకెట్టును కాలితో తట్టాడు. "ఏమ్మా, ఎక్కుతావా? ఇంత సంసారముంటే బకెట్టుకు వేరే టికెట్టు తీయాల."

"మీరు పోండన్నా. నేను వచ్చే బస్సుకు వస్తాను," అంది నేత్రావతి కండక్టరుతో.

కండక్టరు తన జోకుకి తానే నవ్వుకుంటూ గాడ్విన్ వైపు చూశాడు. ఆ ఊళ్ళో జోకుకి బదులు జోకు ఇవ్వని గాడ్విన్‌ని ఆయన చూసి ఉండడు. ఒక క్షణం ఆగి, విజిలు వేసి ఎక్కేశాడు.

నేత్రావతి సర్టిఫికేట్ల కవరులోంచి ఒక తెల్లకాగితం, పెన్ను తీసింది. సూటుకేసును ఇద్దరి మధ్యకి అడ్డంగా జరిపి, దాని మీద కాగితం పెట్టింది.

"రాసిస్తారా?"

గాడ్విన్ కాగితం వైపు చూశాడు. బజారు అవతల తమ ఆఫీసు కిటికీ కనబడుతుంది అక్కడికి. మూసే ఉంది.

"రాస్తే నాకు ఇంగ ఆ మెట్లు ఎక్కే పని ఉండదమ్మా. నలభై ఎనిమిదేళ్ళు నాకు. ఈ ఊర్లో ఎవురూ పిలిచి కుర్చీ వెయ్యరు."

"తెలుసు అన్నా."

ఆమె రాయమని బతిమాలలేదు. పెన్నుని వెనక్కీ తీసుకోలేదు. టీ అంగడివాడు రెండు టీలు తెచ్చి అడగకుండానే బల్ల మీద పెట్టి పోయాడు. వాటి మీద మీగడ కట్టింది.

గాడ్విన్ పెన్ను అందుకున్నాడు. "ఇంగ్లీషులో రాసేదా?"

"కన్నడంలో రాయండి. ఆమెకు ఎవురైనా చదివి వినిపిస్తారు."

పాత డ్రాఫ్ట్‌స్‌మన్ చెయ్యి అది. అక్షరాలన్నీ ఒకే ఎత్తులో, గీత గీసినట్టు నడిచాయి. బుధవారం సాయంత్రం మేము పంపిన డ్రాయింగులో టెయిల్ పుల్లీకి జాలీ లేదు. మెమరీ చాలక జాలీని తీసిపెట్టినాము. మళ్ళీ పెట్టడం నేను మరిచిపోయినాను. ఇప్పుడు చూపిస్తున్న డ్రాయింగు ప్రమాదం జరిగిన తరువాత నేను తీసినది. దాని మీద పాత తేదీ వేసింది నేనే. ఆ రోజు పుల్లీ మీద జాలీ లేదు గనుక, దాన్ని ఊడబెరికినారనే మాట అబద్ధం. జాలీ లేనందువల్ల చెయ్యి పోగొట్టుకున్న...

పెన్ను ఆగింది. గాడ్విన్ తల ఎత్తలేదు. ఏ మాట ముందుకొచ్చినా దానికి జత మాట దొరికే ఆ నోటికి అక్కడ రాయవలసిన ఒక్క మాట తెలియదు.

"ఆ మనిషి..." అన్నాడు.

"ఆవులప్ప," అంది నేత్రావతి. "కురుడుమలె పక్కన ఊరు. ఆమె పేరు గంగమ్మ."

రాశాడు. "ఏ చెయ్యి?"

"కుడిది."

పెన్ను ఆయన కుడి చేతిలోనే ఉంది. అదీ రాశాడు. కింద సంతకం పెట్టాడు, ఎప్పుడూ వేసే రెండక్షరాలు కాకుండా ఇంటిపేరుతో సహా మొత్తం.

నేత్రావతి కాగితం తీసుకుని, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ మొదటి నుంచి చదివింది. చివరికొచ్చి ఆగి, కాగితాన్ని మళ్ళీ సూటుకేసు మీద పెట్టింది.

"తేదీ," అంది.

గాడ్విన్ టీ అంగడి గోడకున్న క్యాలెండరు వైపు చూసి, ఆ రోజు తేదీ వేశాడు.